కప్పకి నాలుగు స్టార్లు, తొండకి ఒకటిన్నర: ల్యాబ్ అస్థిపంజరాల సెట్ రివ్యూ

కొన్న వస్తువు: కప్ప, బల్లి జాతుల అస్థిపంజరాల సెట్. రెండు ప్లాస్టిక్ మోడళ్ళు, రెండు చెక్క పీటలు, పైన పారదర్శకమైన మూతలు. ఆన్‌లైన్‌లో 3,480 రూపాయలు. ఒక సెమిస్టర్ మొత్తం వాడాక రాస్తున్నాను. పెట్టె విప్పిన రోజే అయిదు స్టార్లు వేసేవాళ్ళ రివ్యూలు చదివే నేను దీన్ని కొన్నాను, అందుకే తొందరపడలేదు.

నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. మాది రాయలసీమలో గుట్టల పక్కన ఊరు. మా ల్యాబ్‌లో గాజు పెట్టెలో ఒక పాత కప్ప అస్థిపంజరం ఉండేది, నిజం ఎముకలది. నేను చేరేనాటికే దాని ఎడమ పాదం సగం రాలిపోయింది. మిగిలిన సగాన్ని ఏ బ్యాచ్ పిల్లలు జేబులో వేసుకుపోయారో తెలీదు. 2014లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) జంతువుల్ని కోసి చూపించే డిసెక్షన్లు ఆపించేదాకా పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. మా అటెండర్ తెల్లారుజామున కుంట దగ్గరికి పోయి గోనె సంచిలో కప్పల్ని తెచ్చేవాడు. ఆ సంచి ల్యాబ్ మూల దానంతటదే కదులుతుంటే మొదటి సంవత్సరం ఆడపిల్లలు తలుపు దగ్గరే ఆగిపోయేవాళ్ళు. ఆ రోజులు పోయినందుకు నాకు బాధ లేదు. కానీ కప్ప కాలు ఎలా పనిచేస్తుందో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పడం, బొమ్మ చూపించి ఈత నేర్పడం ఒకటే.

ముందు కప్ప గురించి చెప్తాను, అది బాగుంది కాబట్టి.

కూర్చున్న భంగిమలో ఉంది. అరచేతి కంటే కొంచెం పెద్దది. పీట మీద పెట్టగానే ఒక అబ్బాయి అడిగిన ప్రశ్న: "మేడమ్, దీనికి కాలికి రెండు మోకాళ్ళున్నాయేంటి?" ఆ ఒక్క ప్రశ్నతో నా డబ్బులు సగం వచ్చేసినట్టే. మనకి మడమ దగ్గర పొట్టిగా, గడ్డలుగా ఉండే రెండు ఎముకలు, ఆస్ట్రగాలస్, కాల్కేనియం, కప్పలో సన్నగా సాగి పక్కపక్కన పడుకుని ఉంటాయి. అంటే తొడ, పిక్క, పాదం అనే మూడు మడతలకి తోడు కాలికి ఇంకో మడత వచ్చింది. మడిచినప్పుడు నాలుగు మడతలు, విప్పినప్పుడు ఒకే పొడుగు కర్ర. నేల మీద పాదం ఎంత ఎక్కువసేపు ఆనుకుని నెడితే గెంతు అంత దూరం పోతుంది. ఆ నెట్టే దూరాన్ని పెంచడానికే ఈ అదనపు మడత. దీనికి తోడు ఎగిరే ముందు కండరం ముడుచుకుని పిక్క దగ్గరి స్నాయువును, అంటే కండరాన్ని ఎముకకి కట్టే తాడుని, లాగి పెడుతుంది, ఉండేలు రబ్బరు లాగినట్టు. కాలు విచ్చుకునే వేళకి ఆ లాగుడంతా ఒక్కసారిగా వదులుతుంది. కండరం ఒక్కటే అంత వేగంగా ముడుచుకోలేదు. మోడల్‌లో స్నాయువు ఉండదు కదా, ఒక రబ్బరు బ్యాండు తగిలించి చూపించాను. రెండు సార్లు బాగానే పనిచేసింది, మూడోసారి ఎగిరి హెచ్ఓడీ గారి టీ గ్లాసులో పడింది.

పిక్కలో రెండు ఎముకలు కలిసిపోయి టిబియో ఫిబులా ఒక్కటే అయింది. ముంజేతిలోనూ అంతే, రేడియో అల్నా. మోడల్‌లో ఈ రెండింటికీ మధ్యలో సన్నటి గాడి కూడా చెక్కారు, రెండు ఎముకలు అతుక్కున్న గుర్తుగా. ఇది చేసినవాడెవడో నిజం ఎముకను చేత్తో పట్టుకుని చూశాడు. మన ముంజెయ్యిలా మెలితిప్పే సౌకర్యం కప్ప వదులుకుంది. దానికి బదులు దిగేటప్పుడు ఒంటి బరువంతా పొట్టి చేతుల మీద పడినా విరగని గట్టితనం వచ్చింది.

కూర్చున్న కప్ప వీపు మీద ఒక గూని కనిపిస్తుంది కదా. చిన్నప్పుడు అది వెన్నెముక విరిగిందేమో అనుకునేదాన్ని. మోడల్‌ని పక్కనుంచి చూస్తే అదేమిటో తెలిసిపోతుంది. కటిలోని ఇలియం ఎముకలు రెండూ రైలు పట్టాల్లా ముందుకి సాగి, తొమ్మిదో వెన్నుపూసకి కీలులా తగులుతాయి. వాటి మధ్యలో తోక పూసలన్నీ కలిసి ఒక్క కడ్డీగా మారిన యూరోస్టైల్. ఎగిరేటప్పుడు ఆ కీలు విచ్చుకుని గూని మాయమవుతుంది. మోడల్‌లో అక్కడ చిన్న స్క్రూ పెట్టి నిజంగానే కదిలేలా చేశారు! ఈ స్క్రూ సంగతి సైట్‌లో ఎక్కడా రాయలేదు. రాసుకోవాల్సింది ఇదే, వాళ్ళు రాసింది మాత్రం 'ప్రీమియం క్వాలిటీ' అని.

వేళ్ళు ముందు నాలుగు, వెనక అయిదు. సరిగ్గా ఉన్నాయి. కణుపులు, అంటే వేళ్ళలోని చిన్న ఎముకలు, వేలు వేలుకీ లెక్కపెడితే ముందు 2, 2, 3, 3. వెనక 2, 2, 3, 4, 3. అన్నీ ఉన్నాయి. వెనక పాదంలో బొటనవేలికి లోపలి పక్కన ప్రీహాలక్స్ అనే చిన్న మొటిమ లాంటి ఎముక కూడా ఉంది. చాలా చార్టుల్లో దాన్ని ఎగ్గొడతారు.

ఆ మొటిమను చూసి మా అటెండర్ అన్నాడు: "ఇది దీంట్లో చిన్నది మేడమ్, మన్ను తోడే కప్పకి పలుగులా ఉంటాది." ఆయన పదో తరగతి ఫెయిలు. కప్పల్ని కాళ్ళని బట్టే గుర్తుపడతాడు, పట్టుకోవడానికి అదే ముఖ్యం కాబట్టి. ఎర్రమట్టి చేలల్లో తొలకరికి బయటికొచ్చే బొద్దు కప్ప, శాస్త్రీయంగా స్ఫేరోథీకా. దాని లోపలి మొటిమ గట్టిపడి, పార అంచులా వంగి ఉంటుంది. అది ముందుకి తవ్వదు. వెనక కాళ్ళతో మన్నుని అటూ ఇటూ తోస్తూ, కూర్చున్నచోటే వెనక్కి దిగిపోతుంది. వర్షం పడ్డ రెండో రోజు కాలేజీ కాంపౌండ్ గోడ పక్కన పిల్లలకి ఇది కళ్ళారా చూపించాను. మన్నులో మునిగే కొద్దీ అది మమ్మల్నే చూస్తోంది, లిఫ్టులో కిందికి పోతున్న మనిషిలా. రెండు కళ్ళు మిగిలాయి, తర్వాత అవీ లేవు. టైము చూద్దామని ఫోన్ తీసేలోపు అయిపోయింది. దాని కాళ్ళు మోడల్ కప్ప కాళ్ళలో ముప్పాతిక ఉంటాయేమో. ఎండాకాలమంతా మట్టిలో ఉండాల్సిన దానికి పొడుగు కాళ్ళెందుకు?

ఇంకో వైపు, కుంటలో నీళ్ళ మీద గులకరాయి విసిరినట్టు టపటపా గెంతుకుంటూ పోయే కప్ప ఉంటుంది, యూఫ్లిక్టిస్. వెనక వేళ్ళ చివరిదాకా పొర ఉంటుంది. గోదురు కప్పకి పొర తక్కువ, కాళ్ళు పొట్టి. వీధి దీపం కింద పురుగుల కోసం రెండు చిన్న గెంతులు, నాలుగు అడుగులు, అంతే దాని వ్యవహారం. దూరం గెంతి తప్పించుకోవాల్సిన పని దానికి పెద్దగా లేదు, ఒంటి మీద విషగ్రంథులున్నాయి కదా. మోడల్ కప్పని మధ్యలో పెట్టి, ఇవన్నీ ఫోన్‌లో ఫోటోలు తీసి చుట్టూ అంటించాం. ఏది ఎక్కడ బతుకుతుందో ఫోటో చూడకుండా, కాలి కొలత మాత్రం చూసి చెప్పే పోటీ పెట్టాను. చెట్టు కప్ప దగ్గర మాత్రం అందరూ తప్పారు. కాళ్ళు పొడుగ్గా ఉన్నాయని 'నీళ్ళలో' అన్నారు.

చెట్టు కప్పంటే మా బాత్రూంలో ఉండేది. వానాకాలం వస్తే బకెట్ వెనకో, ట్యూబ్‌లైట్ పట్టీ మీదో ప్రత్యక్షం. మా అత్తగారు దాన్ని 'అల్లుడు' అంటారు, పిలవకుండా వచ్చి కదలకుండా కూర్చుంటుందని. దాని వేళ్ళ చివర గుండ్రటి బిళ్ళలు. అద్దం మీద ఎక్కినప్పుడు టార్చి వేసి అవతలినుంచి చూశాను. బిళ్ళ చుట్టూ సన్నటి తడి అంచు కనిపించింది. బిళ్ళ మీద ఆరు పలకల కణాలు, వాటి మధ్య కాలువలు, కాలువల్లో జిగురు నీరు. తడి గ్లాసు టేబుల్‌కి అతుక్కున్నట్టే ఇది అతుక్కోవడం. బిళ్ళ ఎప్పుడూ గోడకి సమాంతరంగా ఉండడానికి వేలి చివరి రెండు కణుపుల మధ్య ఒక మృదులాస్థి (మెత్తటి ఎముక) ముక్క అదనంగా ఉంటుంది. మోడల్‌లో అది లేదు, ఉండకూడదు కూడా, ఇది నేలా నీళ్ళూ తిరిగే కప్ప నమూనా. కాబట్టి మార్కులు తగ్గించను. తగ్గించేది ఒక్కదానికే: భుజం పైన పలకలా ఉండే భాగంలో చాలావరకు మృదులాస్థి. దాన్ని కూడా మిగతా ఎముకల రంగే వేసేశారు. పాత కప్పలో అది ఎండి, పసుపు రంగులో, నూనె కాగితంలా ఉండేది.

ఇప్పుడు రెండో పెట్టె.

మూత మీద స్టిక్కర్: ఊసరవెల్లి. లోపల ఉన్నది తొండ. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని సామెత ఉంది, ప్యాకింగ్ చేసినవాళ్ళు దాన్ని నిజమని నమ్మినట్టున్నారు. తొండ ఎంత ముదిరినా దాని వేళ్ళు పట్టకారు కావు. ఊసరవెల్లి పాదంలో వేళ్ళు రెండు కట్టలుగా ఉంటాయి. ముందు కాలికి లోపల మూడు, బయట రెండు. వెనక కాలికి లోపల రెండు, బయట మూడు. కొమ్మని రెండు పక్కల నుంచి కరుచుకుని పట్టుకోవడానికి అలా. నేల మీద వదిలితే చేతికి గ్లవ్స్ తొడుక్కుని టైపు కొట్టేవాడిలా నడుస్తుంది. మోడల్‌కి అయిదు వేళ్ళూ విడివిడిగా, సన్నగా, గోళ్ళతో ఉన్నాయి. స్టిక్కర్ పీకి 'తొండ' అని రాసుకుంటే సరిపోయేది, అదొక్కటే తప్పయి ఉంటే.

తొండకి, మామూలుగా బల్లి జాతికి, ముందు పాదంలో కణుపులు 2, 3, 4, 5, 3. మొత్తం 17. వెనక పాదంలో 2, 3, 4, 5, 4. మొత్తం 18. ఈ మోడల్‌లో వెనక పాదానికీ 17 ఉన్నాయి. ముందు దీన్ని నేను గమనించలేదు. ప్రాక్టికల్ రికార్డులో బొమ్మ వేస్తున్న అమ్మాయి "మేడమ్, నాలుగు పాదాలూ ఒకేలా వేసేయొచ్చా, అన్నీ ఒకేలా ఉన్నాయి" అంటే దగ్గరికెళ్ళి చూశాను. ముందు పాదం అచ్చునే వెనక కాళ్ళకీ పోసి అతికించారు! నాలుగు పాదాలకీ ఒకే చోట, మూడో వేలి పక్కన, అచ్చు అంచులో మిగిలిన చిన్న ప్లాస్టిక్ ముల్లు కూడా ఉంది.

ఒక్క కణుపుకి ఇంత గొడవా అని మా వారు అడిగారు. గొడవే. తొండ వెనక పాదంలో నాలుగో వేలు అన్నిటికంటే బాగా పొడుగు. పరుగులో పాదం నేలని వదిలేటప్పుడు ఆఖరుగా నెట్టేవి ఆ పొడుగు వేళ్ళే. అయిదో వేలు మిగతా నాలుగింటి నుంచి విడిగా, పక్కకి తిరిగి ఉంటుంది. దాని మొదట్లోని అరికాలి ఎముక కొక్కెంలా వంగి, మనకి మడమ చేసే పని దానికి చేసిపెడుతుంది. కంచె మీద నుంచి తొండ తల ఊపుతుంటే మనం చూసేది తల. అక్కడ దాన్ని నిలబెట్టేది ఈ వెనక పాదం. ముందు పాదం తెచ్చి అక్కడ పెడితే అది కంచె ఎక్కదు, పరిగెత్తదు కూడా.

మా కాలేజీ గ్రౌండులోనే దీనికి ఒక ఉదాహరణ తిరుగుతుంది. గొంతు కింద విసనకర్రలా రంగు పొర విప్పే చిన్న తొండ జాతి జీవి, సిటానా. చెట్లెక్కే పని పెద్దగా పెట్టుకోదు. చదును నేల మీద, ముళ్ళ పొదల మధ్య పరుగే బతుకు, తొందర ఎక్కువైతే రెండు కాళ్ళ మీద లేస్తుంది. దాని వెనక పాదంలో నాలుగే వేళ్ళు, అయిదోది లేదు. క్రికెట్ ఆడే పిల్లలు రోజూ చూసేదే. వేళ్ళు లెక్కపెట్టండని ఫోటో ఇస్తే ఒకడు నాలుగు అని చెప్పి, తప్పేమోనని కొట్టేసి అయిదు రాశాడు.

రెండో తప్పు కాళ్ళు నిలబెట్టిన తీరు. మోడల్ తొండ కుక్కలా నాలుగు కాళ్ళూ ఒంటి కింద పెట్టి నిలబడింది. నిజం తొండకి తొడ ఎముక నేలకి దాదాపు సమాంతరంగా పక్కకి చాచి ఉంటుంది. అడుగు వేసినప్పుడు ఆ ఎముక తన ఇరుసు మీద తాను తిరుగుతుంది. ఒళ్ళు ఎడమకీ కుడికీ వంగుతూ అడుగు పొడవు పెంచుతుంది. ఈ వంపుకి ఒక ఖరీదు కూడా ఉంది. పక్కలు వంచే కండరాలే ఊపిరికీ పనిచేయాలి కాబట్టి, పరిగెత్తేటప్పుడు ఊపిరి సరిగా ఆడదు. తొండ సర్రున పోయి టక్కున ఆగి, మళ్ళీ సర్రున పోవడం చూసే ఉంటారు. ఉడుము ఈ చిక్కుని గొంతుతో గాలిని లోపలికి తోసుకుని కొంత దాటేసింది. ఉడుం పట్టు గురించి కూడా క్లాసులో అడుగుతారు. అది అంటుకోవడం కాదు, బలమైన వంపు గోళ్ళు, పొట్టి గట్టి కాళ్ళు. మా అటెండర్ దానికో కథ చెప్తాడు, కోట గోడ ఎక్కిన కథ. అది ఇంకోసారి.

గోళ్ళున్న తొండ గాజు ఎక్కలేదు. ల్యాబ్ కిటికీ మీద బల్లి మాత్రం తలకిందులుగా తిరుగుతుంది. సెట్టులో బల్లి లేదు, 'బల్లి జాతులు' అని పేరు పెట్టి బల్లినే వదిలేశారు. ఆ లోటు కిటికీయే తీర్చింది. బయట చీకటి, లోపల లైటు, అవతలినుంచి టార్చి: వేళ్ళ కింద మడతలు రెండు వరసల్లో, చీర కుచ్చిళ్ళలా. ప్రతి మడత మీదా కంటికి కనపడని వెంట్రుకలు. టోకే గెక్కో అనే పెద్ద బల్లికి ఒక్కో పాదంలో సుమారు 5 లక్షలున్నాయి, ఒక్కో వెంట్రుక చివర వందల పాయలు. జిగురు లేదు, తడి అక్కర్లేదు. అంత దగ్గరగా ఆనడం వల్ల అణువుల మధ్య పుట్టే వాన్‌డర్‌వాల్స్ ఆకర్షణే పట్టు అని శాస్త్రవేత్త కెల్లర్ ఆటమ్ బృందం 2002లో చూపించింది. అడుగు తీసేటప్పుడు బల్లి వేళ్ళని కొసల నుంచి పైకి మడిచి, ప్లాస్టర్ ఊడదీసినట్టు ఊడదీస్తుంది. ఈ మడత కిటికీ మీద స్పష్టంగా కనిపిస్తుంది. స్లో మోషన్‌లో తీయండి. ఫోన్ ఉంటే చాలు, 3,480 అక్కర్లేదు.

కాలి కొలత ఇంత ముఖ్యమా అనేవాళ్ళకి నేను తుఫాను కథ చెప్తాను. కరీబియన్‌లోని టర్క్స్ అండ్ కైకోస్ దీవుల్లో అనోలిస్ అనే, వేళ్ళకి బిళ్ళలుండే తొండల్ని శాస్త్రవేత్త కోలిన్ డోనిహ్యూ బృందం 2017లో కొలిచి వచ్చింది. వెంటనే ఇర్మా, మారియా తుఫానులు ఆ దీవుల్ని ఊడ్చేశాయి. మళ్ళీ వెళ్ళి కొలిస్తే, బతికి మిగిలినవాటి వేలి బిళ్ళలు సగటున పెద్దవి, ముందు కాళ్ళు పొడుగు, వెనక తొడలు పొట్టి. ఎందుకో చూద్దామని ఆకులు ఊదే మిషన్ పెట్టి, కర్ర పట్టుకున్న తొండల మీదికి గాలి కొట్టారు, కింద వల కట్టి. గాలికి ముందు తేలిపోయేవి వెనక కాళ్ళే. పొడుగు తొడ తెరచాపలా గాలిని పట్టేస్తుంది. 2018లో నేచర్ పత్రికలో వచ్చింది. ఈ మోడల్ తొండ ఆ గాలిలో ఉంటే మొదట ఎగిరిపోయేది, తొడ అంత పొడుగు పెట్టారు.

కాళ్ళు పూర్తిగా వదిలేసినవీ ఉన్నాయి. నలికిరిని చూసి పాము అనుకుని కొట్టడం మా వైపు ఇప్పటికీ ఉంది. దానికి నాలుగు చిన్న కాళ్ళుంటాయి, గడ్డిలో దూరేటప్పుడు ఒంటికి ఆనించి జారిపోతుంది. దాని బంధువు బార్కూడియాకి అవి కూడా లేవు. 1917లో జంతుశాస్త్రవేత్త ఆనండేల్ ఒడిశాలోని చిలికా సరస్సులోని బార్కూడా దీవిలో దాన్ని గుర్తించాడు. వదులు మట్టిలో ఈదే దానికి కాలు అడ్డమే.

కస్టమర్ కేర్ గురించి. కణుపుల సంగతి ఫోటోలతో, ఎర్ర బాణాలు గీసి పంపాను. రెండు రోజులకి "డియర్ సర్" అని మొదలుపెట్టి జవాబు వచ్చింది: ఇది విద్యా అవసరాలకి మాత్రమే, నిజమైన జంతువుతో చిన్న తేడాలుండవచ్చు. విద్యా అవసరం కాబట్టే కదా తేడా ఉండకూడదు! మళ్ళీ రాస్తే తర్వాతి కొనుగోలుకి 200 రూపాయల కూపన్ ఇచ్చారు. తర్వాతి కొనుగోలు ఏం కొనాలి, ఇంకో తొండా?

చివరికి మేమే బాగుచేసుకున్నాం. వేడి నీళ్ళలో ముంచితే ఆ ప్లాస్టిక్ మెత్తబడుతుంది. తొడలు పక్కకి వంచి, పీట మీద కొత్త రంధ్రాలు వేశాం. అయిదో వేలికి ఒక పిల్ల అగ్గిపుల్ల ముక్క చెక్కి ఫెవిక్విక్‌తో అతికించింది. నాలుగో వేలికి కణుపులు సరిపోయినా పొడుగు చాలలేదు, ఇంకో ముక్క. తొడ పొడవు మాత్రం ఏం చేయలేకపోయాం. ఇప్పుడది నిజం తొండలా పడుకుని చూస్తోంది. అగ్గిపుల్ల రంగు తేడాగా కనిపిస్తుంది, పిల్లలు ముందు దాని గురించే అడుగుతారు, నేను అక్కడినుంచే పాఠం మొదలుపెడతాను.

స్కూళ్ళవాళ్ళు, డిగ్రీ కాలేజీలవాళ్ళు కప్ప ఒక్కటే విడిగా దొరికితే కళ్ళు మూసుకుని కొనండి. విడిగా 1,900 అంటున్నారు, ఆ స్క్రూ ఒక్కదానికే ఇవ్వొచ్చు. సెట్టు కొనకండి. కొనాల్సే వస్తే పెట్టె తెరిచిన రోజే తొండ వెనక పాదంలో కణుపులు లెక్కపెట్టండి. రిటర్న్ గడువు ఏడు రోజులు. మేం లెక్కపెట్టింది ఎనిమిదో రోజున.